తప్పుడు పిలుపులు, తాత్కాలిక తాళం: ఒక మరమ్మతుపై విమర్శ

కావ్యానికి విమర్శ ఉన్నది, నాటకానికి విమర్శ ఉన్నది. యంత్రానికి చేసిన మరమ్మతుకు మాత్రం మనలో విమర్శ లేదు. పనిచేస్తే చాలునని తృప్తిపడతాము, పనిచేయకపోతే కొత్తది కొనవలెనంటాము. ఆ మరమ్మతు రోగాన్ని కుదిర్చినదా, రోగి మూలుగును మాత్రమే ఆపినదా అనే ప్రశ్నను ఎవరూ వేయరు. అటువంటి మరమ్మతును ఒకదానిని తీసుకొని, దాని గుణదోషాలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనం తీసుకొన్న విషయం ల్యాప్‌టాప్‌కు బయటి తెరను తగిలించినప్పుడు కలిగే ఒక చిక్కు. ఇది ఏదో ప్రయోగశాలలోని సంగతి కాదు. నేడు మన ఉన్నత పాఠశాలల తరగతి గదులలోనికి వచ్చిన సంగతి.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదులలో ఇంటరాక్టివ్ ఫ్లాట్ పానెళ్లను అమర్చసాగారు. కొన్నిచోట్ల ప్రొజెక్టర్లు అంతకుముందే ఉన్నవి. ఉపాధ్యాయుడు తన ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో వాటికి తగిలించి పాఠం చెప్పవచ్చును. ఇబ్రహీంపట్నమైనా, కొండపల్లి అయినా, డెల్టా చివర నాగాయలంక అయినా పద్ధతి ఒకటే. అయితే ఒక్కొక్కప్పుడు తెర వెలిగి వెంటనే ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ల్యాప్‌టాప్ తెరకూడా క్షణకాలం నల్లబడుతుంది. బాణపు గుర్తు కదలక మొరాయిస్తుంది. పిల్లలు నవ్వుతారు, ఉపాధ్యాయుడు చెమటలు తుడుచుకొంటాడు. "సారుకు కంప్యూటరు రాదు" అనే పేరు ఉపాధ్యాయునికి, "పాతబడిపోయింది" అనే పేరు యంత్రానికి వస్తాయి. ఈ లక్షణాలకు కారణాలు అనేకం. తీగ వదులు కావచ్చును, కొన చెడిపోయి ఉండవచ్చును. కాని తీగ మార్చినా తీరని సందర్భాలున్నవి. వాటిలో ఒకదాని కారణం ఉపాధ్యాయునిలోనూ లేదు, తీగలోనూ లేదు. యంత్రం లోపల పుట్టే తప్పుడు పిలుపులలో ఉన్నది.

తెర వచ్చిన సంగతి తెలిసేది ఎట్లా?

హెచ్‌డీఎంఐ కొనలో 19 మొనలు ఉంటాయి. 18వ మొన ద్వారా ల్యాప్‌టాప్ 5 వోల్టుల విద్యుత్పీడనాన్ని పంపుతుంది. తెర ఆ పీడనాన్ని సుమారు 1000 ఓముల నిరోధం గుండా 19వ మొనకు తిప్పి పంపుతుంది. ల్యాప్‌టాప్ ఆ మొనను గమనిస్తూ ఉంటుంది. అక్కడ పీడనం 2 వోల్టులకు పైన ఉంటే తెర ఉన్నట్లు, 0.8 వోల్టుకు దిగువన ఉంటే లేనట్లు గ్రహిస్తుంది. ఈ మొనకే హాట్‌ప్లగ్ మొన అని పేరు. యంత్రం నడుస్తుండగానే తగిలించడం, తీసివేయడం తెలుసుకొనే మొన అని దాని భావం.

పీడనం మారగానే ల్యాప్‌టాప్ మెదడుకు ఒక సంకేతం పోతుంది. మెదడు చేస్తున్న పనిని నిలిపి ఈ సంగతి వినవలెను. కనుకనే దీనికి ఇంటరప్టు అని పేరు. మనం అంతరాయం అనవచ్చును. ఆ పిలుపు విని పని జరిపించేది గ్రాఫిక్స్ డ్రైవరు అనే ప్రోగ్రాము. అది తెరను "నీ వెవరివి? నీ కొలత లేమిటి?" అని అడుగుతుంది. తెర తన జాతకాన్ని 128 బైట్లలో చెప్పుకొంటుంది. దానిని బట్టి చిత్రం ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండవలెనో నిర్ణయమవుతుంది.

డిస్‌ప్లేపోర్ట్ అనే మరొక రకం కొనలో ఈ తీగ ఇంకొంచెం తెలివైనది. పీడనం 2 మిల్లీసెకన్లకు మించి పడిపోతే తెరను తీసివేసినట్లు అర్థం. అర మిల్లీసెకను నుండి ఒక మిల్లీసెకను వరకు మాత్రమే పడి లేస్తే "నేను ఇక్కడనే ఉన్నాను, కాని ఒక సంగతి చెప్పవలెను, నా వంక చూడు" అని అర్థం. మొదటిదాన్ని దీర్ఘ సంకేతం, రెండవదాన్ని హ్రస్వ సంకేతం అందాము. ఛందస్సులో గురువు, లఘువు వలె కాలపరిమితిని బట్టి అర్థం మారుతున్నది.

లస్కరు పద్ధతి, కేక పద్ధతి

కృష్ణా కాలువలపై పనిచేసే లస్కర్లను మన విద్యార్థులు ఎరుగుదురు. గట్టు వెంట తిరుగుతూ నీటిమట్టం చూచి తలుపులు ఎత్తడం, దించడం వారి పని. లస్కరు వేళ తప్పక తానే వెళ్లి చూడడం ఒక పద్ధతి. దీనికి పోలింగు అని పేరు. మనం విచారణ పద్ధతి అందాము. నీరు పొంగినప్పుడు గట్టు మీది రైతు కేక వేయడం రెండవ పద్ధతి. ఇదే అంతరాయ పద్ధతి. కేక పద్ధతిలో లస్కరుకు తిరుగుడు తప్పుతుంది, సంగతి వెంటనే తెలుస్తుంది. అందుచేత సాధారణంగా తరగతులలో అంతరాయ పద్ధతి ఉత్తమమనీ, విచారణ పద్ధతి కాలహరణమనీ బోధిస్తాము. విద్యార్థులు అదే పరీక్షలో రాస్తారు, మార్కులూ వస్తాయి.

అయితే ఈ పోలికలో ఒక షరతు దాగి ఉన్నది. కేక వేసేవాడు సత్యవంతుడు కావలెను. "నాన్నా, పులి!" అని ఊరకే అరిచే పిల్లవాడు గట్టు మీద కూర్చుంటే లస్కరు గతి ఏమిటి?

పులి లేని కేకలు

ఇంటెల్ వారి గ్రాఫిక్స్ భాగం గల యంత్రాలకు లినక్స్‌లో ఐ915 అనే డ్రైవరు ఉన్నది. తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలు రూపొందించిన స్వేచ్ఛ వంటి వ్యవస్థలకు కూడా మూలం లినక్సే. దీని రచన అంతా బహిరంగంగా ఉన్నందున, ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు జరిగినదో ఎవరైనా చదువవచ్చును. మన విమర్శకు ఆధారం దొరికినది అందువల్లనే.

ఈ డ్రైవరుకు 2013లో ఒక ముఖ్యమైన మరమ్మతు జరిగినది. దాని వెంట రాసిన వివరణ ఆసక్తికరమైనది. తెర తగిలించకపోయినా, తీయకపోయినా హాట్‌ప్లగ్ పిలుపులు వరదలా వచ్చే యంత్రాలు ఉన్నవని అందులో చెప్పారు. 945జీఎం అనే ఇంటెల్ భాగంలో ఈ దోషం ఉన్నట్లు ముందే నమోదైనందున, దానికి హాట్‌ప్లగ్ సదుపాయాన్నే తీసివేశారు. కాని దోషం దానితో పోలేదు. జీ35 అనే భాగం గల మూలఫలకాలలోనూ కనబడినది. ఒకే నమూనా ఫలకాలు రెండింటిలో ఒకదానికి సెకనుకు 10 నుండి 100 వరకు తప్పుడు పిలుపులు వస్తే, మరొకదానికి 5000, అంతకు పైన వచ్చినవి. తెరపై చిత్రపు కొలతను మారిస్తే పిలుపుల సంఖ్య మారినది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఎక్కుతున్నప్పుడు, అదీ ఒకానొక మట్టంలో ఉన్నప్పుడు మాత్రమే ఈ పిలుపులు వచ్చినవి.

భౌతికశాస్త్ర విద్యార్థికి ఈ లక్షణాలు చాలు, రోగం ఊహించడానికి. రెండు తీగలు పక్కపక్కన పోతుంటే వాటి మధ్య కొద్దిపాటి కెపాసిటన్సు తప్పదు. ఒకదానిలో వేగంగా మారే విద్యుత్పీడనం రెండవదానిలో చిన్న కుదుపును పుట్టిస్తుంది. ఫలకం మీద హాట్‌ప్లగ్ తీగను ఇతర తీగల పక్కనుంచి నడిపించి ఉంటే, వాటి సందడి దీనిలోనికి చొరబడుతుంది. చిత్రపు కొలత మారితే పక్క తీగలోని పౌనఃపున్యం మారుతుంది, కనుక సందడీ మారుతుంది. తీగను ఎట్లా నడిపించారనే దానిపై ఆధారపడిన దోషమని 2013 వివరణ కూడా సూచించినది.

సెకనుకు 5000 పిలుపులంటే రెండింటి మధ్య ఎడం 0.2 మిల్లీసెకను. తెర జాతకం చదవడానికి ఎంత కాలం పట్టునో లెక్కిద్దాము. 128 బైట్లు, ఒక్కొక్క బైటుకు 9 కాలాంశలు, మొత్తం 1152. సెకనుకు 1,00,000 చొప్పున పోయే తీగలో ఇది దాదాపు 12 మిల్లీసెకన్ల పని. ఒక్క జాతకం చదివేలోగా 60 పిలుపులు వచ్చిపడతాయన్న మాట. డ్రైవరు వాటినన్నిటిని కూడగట్టి ఒకేసారి చూచినా, దానికి విరామం అన్నది లేదు. యంత్రం మొరాయించిందంటే వింత ఏమున్నది?

చికిత్స

2013 నాటి మరమ్మతు మూడు మాటలలో చెప్పవచ్చును. ఒకటి: ఒక మొన నుండి ఒక సెకనులో 5 కంటే ఎక్కువ పిలుపులు వస్తే దానిని తుఫానుగా భావించి, ఆ మొన కేకలు వినడం మానవలెను. రెండు: అప్పటి నుండి 10 సెకన్లకొకసారి డ్రైవరే వెళ్లి తెర ఉన్నదో లేదో చూడవలెను. మూడు: 2 నిమిషాలు గడిచిన తరువాత ఆ మొనకు మళ్లీ అవకాశం ఇవ్వవలెను.

"నాన్నా పులి" కథలోని తండ్రి కొడుకు మాట నమ్మడం మానివేసినాడు, కాని తానుగా వెళ్లి చూడడం ప్రారంభించలేదు. అందువల్లనే నిజంగా పులి వచ్చినప్పుడు అనర్థం జరిగినది. ఈ డ్రైవరు ఆ తండ్రి కంటె వివేకి. కేక వినడం మానినా, గట్టు మీదికి పోవడం మానలేదు.

గుణాలు

మొదటి గుణం, ఫలితం. 45 నిమిషాల పీరియడులో 2700 సెకన్లు. చికిత్స లేకపోతే సెకనుకు 5000 చొప్పున 1 కోటి 35 లక్షల పిలుపులు. చికిత్స ఉంటే 2 నిమిషాలకొక తడవ, తడవకు ఆరేడు పిలుపులు, అనగా పీరియడు మొత్తం మీద సుమారు 150. ఇంత చిన్న ఉపాయంతో ఇంత ఉపశమనం కలిగించడం సామాన్యం కాదు.

రెండవ గుణం, క్షమ. బ్యాటరీ ఒక మట్టం దాటితే పోయే సందడికి శాశ్వత శిక్ష అన్యాయం. 2 నిమిషాల గడువు దానికి సరిగ్గా సరిపోతుంది. 945జీఎం విషయంలో చేసినట్లు ఒక జాతికంతటికీ సదుపాయం తీసివేయక, తప్పు చేసిన యంత్రంలో, తప్పు చేసిన మొనను మాత్రమే ఆపడం ఎంతో మేలైన న్యాయం.

లోపాలు

ఇంత మంచి మరమ్మతులోనూ లోపాలున్నవి. వాటిని చెప్పకపోతే విమర్శ పొగడ్త అవుతుంది.

మొదటిది, గీటురాయి. సెకనుకు 5 అనే అంకె ప్రకృతి నియమం కాదు, అనుభవంతో వేసిన అంచనా. సెకనుకు 4 తప్పుడు పిలుపులు వచ్చే యంత్రం ఎన్నటికీ పట్టుబడదు. గంటకు 14,400 సార్లు యంత్రాన్ని విసిగించి కూడా అది సాధువుగానే చలామణి అవుతుంది.

రెండవది, లెక్కలో చేరని నేరం. దీర్ఘ, హ్రస్వ సంకేతాల తేడా గుర్తించిన తరువాత, హ్రస్వాలను తుఫాను లెక్కలో చేర్చలేదు. ఒకే కొన ద్వారా పలు తెరలను నడిపే ఏర్పాటులో హ్రస్వ సంకేతాలు ధర్మబద్ధంగానే విరివిగా వస్తాయి గనుక ఆ మినహాయింపు అవసరమైనది. కాని 2018లో ఒక యంత్రం వింతగా ప్రవర్తించినది. సుమారు 30 సెకన్లలో మేలుకొనవలసినది 6 నిమిషాలకు పైగా తీసుకొన్నది. పరిశీలిస్తే, ఏ తెరా తగిలించని డిస్‌ప్లేపోర్ట్ కొన నుండి హ్రస్వ సంకేతాలు ఎడతెగక వస్తున్నవి. అప్పుడు లెక్క మార్చారు. దీర్ఘానికి 10 మార్కులు, హ్రస్వానికి 1 మార్కు. ఒక సెకనులో మొత్తం 50 దాటితే తుఫాను. పలు తెరల ఏర్పాటుకు తగిన యంత్రాలలో హ్రస్వాల మినహాయింపును ఉంచారు. ఇది మంచి సవరణ. కాని ఐదేళ్లకు కూడా అదే రోగం మరొక ద్వారం నుండి ప్రవేశించినదంటే, 2013లో మూసినది ద్వారమే గాని రోగమూలం కాదని స్పష్టం.

మూడవది, గింజతో పాటు పొట్టును కాక, పొట్టుతో పాటు గింజను పారబోయడం. మొన నోరు మూసినప్పుడు అబద్ధంతో పాటు నిజం కూడా వినిపించదు. 10 సెకన్ల విచారణ తెర ఉన్నదా లేదా అన్నదే చూస్తుంది. "చిత్రం సరిగా అందడం లేదు, నా వంక చూడు" అని డిస్‌ప్లేపోర్ట్ తెర పంపే హ్రస్వ సంకేతం ఆ వేళ వృథా అవుతుంది. తెర తగిలించిన వెంటనే బొమ్మ రాక, సగటున 5 సెకన్లు, ఒక్కొక్కప్పుడు 10 సెకన్లు వేచి ఉండవలసి వస్తుంది. సంగతి ఎరుగని ఉపాధ్యాయుడు ఆలోగా తీగను పీకి మళ్లీ పెడతాడు. చిక్కు పెరుగుతుంది.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది, మౌనం. తుఫాను పట్టుబడినప్పుడు డ్రైవరు ఆ సంగతిని కెర్నెల్ చిట్టాలో ఒక పంక్తి రాస్తుంది. ఆ చిట్టా తెరిచి చదివే ఉపాధ్యాయుడు ఎందరిలో ఒకడు? యంత్రాన్ని ఆపి మళ్లీ పెడితే ఆ అనుభవం డ్రైవరుకు గుర్తుండదు, మళ్లీ మొదటి నుండి పరీక్షిస్తుంది. రోగం ఉన్నదని వైద్యునికి తెలిసినది, మందు వేసినాడు, చీటీ తన సంచిలో వేసుకొని వెళ్లిపోయినాడు. రోగికి మాత్రం చెప్పలేదు.

నియంత్రణ గది నేర్పిన పాఠం

ఇబ్రహీంపట్నంలో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. దాని మొదటి యూనిట్ 1979లో పని ప్రారంభించినది. ఇటువంటి కేంద్రాల నియంత్రణ గదులలో పనివారిని నిరంతరం వేధించే సమస్య, మన డ్రైవరు సమస్యకు అన్నగారి వంటిది. ఉష్ణోగ్రత, పీడనం, నీటిమట్టం గీటు దాటినప్పుడు గంట మోగుతుంది. గీటు దగ్గరనే ఊగిసలాడే కొలమానం మోగుతూనే ఉంటుంది. అదే 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, తొలి నిమిషాలలోనే వందకు పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగినవి. ఏది ముఖ్యమో పనివారు ఎన్నుకోలేకపోయినారు. కేకలు లేక కాదు, కేకలు ఎక్కువై నిజం వినబడలేదు.

అటువంటి అనుభవాల నుండి హెచ్చరికల నిర్వహణకు నియమాలు ఏర్పడినవి. అంతర్జాతీయ ఆటోమేషన్ సంఘం 2009లో వెలువరించిన 18.2 అనే ప్రమాణం వాటిలో ముఖ్యమైనది. ఒక్క పనివానికి 10 నిమిషాలలో 10కి మించి హెచ్చరికలు వస్తే దానిని వరదగా పరిగణిస్తారు. విసిగించే హెచ్చరికను పనివాడు తాత్కాలికంగా అటకెక్కించవచ్చును. కాని అటకెక్కించినవాటి జాబితా అతని కళ్ల ఎదుట ఉండవలెను, వాటికి గడువు ఉండవలెను. తరచుగా మోగేవాటి కారణాన్ని వెదకి సరిచేయవలెను.

ఈ నియమాలతో మన మరమ్మతును తూచి చూడవచ్చును. తాత్కాలికంగా నోరు మూయడం ఉన్నది. గడువు ఉన్నది. కళ్ల ఎదుట జాబితా లేదు. కారణం వెదికే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. నాలుగింటిలో రెండు. డ్రైవరు రచయితలు ఫలకం మీది తీగను కదిలించలేరు, నిజమే. ఫలకం చేసినది మరొకరు, డ్రైవరు రాసినది ఇంకొకరు. కాని "ఈ మొన తప్పుడు పిలుపులు ఇస్తున్నది, అందువల్ల బొమ్మ కొంచెం ఆలస్యమవుతుంది" అని తెరపై ఒక వాక్యం చూపించడానికి ఫలకం మార్చనక్కరలేదు. ఆ ఒక్క వాక్యం ఉంటే తరగతిలో ఉపాధ్యాయుని పరువు నిలుస్తుంది. ల్యాప్‌టాప్‌ను చెత్తలో వేయకుండా ఆగుతారు.

ఉపాధ్యాయులు చేయదగినది

ఇటువంటి చిక్కు వచ్చినప్పుడు దానినే ఒక ప్రయోగంగా మార్చవచ్చును. ఒక పుస్తకంలో నాలుగు గడులు గీయండి: వేళ, తీగ, బ్యాటరీ ఎక్కుతున్నదా లేదా, చిత్రపు కొలత. తెర ఆరినప్పుడల్లా విద్యార్థి ఒకడు నమోదు చేయవలెను. తరువాత ఒకసారి తీగను మాత్రమే మార్చండి. మరొకసారి చార్జరును మాత్రమే తీయండి. ఇంకొకసారి చిత్రపు కొలతను మాత్రమే తగ్గించండి. ఒక్కసారికి ఒక్కటే మార్చవలెననే నియమాన్ని విడువరాదు. తీగ మార్చితే పోయినది తీగ దోషం. చార్జరు తీస్తే పోయినది లోపలి సందడి. లినక్స్ యంత్రమైతే కెర్నెల్ చిట్టాలో హాట్‌ప్లగ్ తుఫాను సంగతి రాసి ఉన్నదేమో చూడండి. వారం రోజుల ఈ పట్టిక, మరమ్మతు చేసేవానికి పది నిమిషాల ఫిర్యాదు కంటె ఎక్కువ సంగతి చెబుతుంది.

పాఠం చెప్పేటప్పుడు కూడా ఒక సవరణ అవసరం. "అంతరాయ పద్ధతి విచారణ పద్ధతి కంటె మేలు" అనే వాక్యానికి "పిలుపు నమ్మదగినదైనప్పుడు" అనే మాట చేర్చవలెను. పిలుపు నమ్మదగనిదైతే, నెమ్మదిగా తిరిగే లస్కరే మేలు. రెండింటిని కలిపి, సందర్భాన్ని బట్టి ఒకదాని నుండి మరొకదానికి మారడం ఇంకా మేలు. 2013 నాటి మరమ్మతు గొప్పతనం అదే. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్నగా మిగిలిపోయిన ఈ తేడా వెనుక ఇంత ఆలోచన ఉన్నదని విద్యార్థికి తెలిస్తే, శాస్త్రం కంఠస్థం చేయవలసిన సూత్రాల మూట కాదని గ్రహిస్తాడు.

మొత్తం మీద ఈ మరమ్మతు ప్రథమ చికిత్సగా ఉత్తమమైనది, పూర్తి చికిత్సగా అసంపూర్ణమైనది. దానిని రాసినవారు కూడా సామాన్యమైన ఉపాయమనే చెప్పుకొన్నారు గాని రోగం కుదిరినదని చెప్పుకోలేదు. ఆ నిజాయితీ మెచ్చదగినది. మనం చేయవలసినది, గంట మోగడం ఆగినంత మాత్రాన నిప్పు ఆరినదని అనుకోకపోవడం.